లాభంలేదు మామయ్య, గుడ్ల పెట్టె మూత

మా మామయ్య ఏ వస్తువును చూసినా ముందు "లాభం లేదు" అంటాడు. విరిగిన కుర్చీ కాలును చూసినా, బిగుసుకుపోయిన తలుపును చూసినా, పుట్టి మూడు రోజులైన పసిగుడ్డును చూసినా ఒకటే మాట. ఆ పసిగుడ్డు నేనే. మంచం పక్కన నిలబడి నా తల సైజు, కాళ్ళ సైజు కళ్ళతోనే కొలిచి, పెదవి విరిచి, "లాభం లేదక్కా" అన్నాడట. అమ్మ మూడు నెలలు తమ్ముడితో మాట్లాడలేదు. ఆ తర్వాత నేను చదివిన చదువూ చేస్తున్న ఉద్యోగమూ చూసినవాళ్ళు, ఆయన అంచనా మరీ అంత తప్పేమీ కాదంటారు. అది వేరే విషయం.

ఆయన వడ్రంగి. నలభై ఏళ్ళపాటు ఈ వీధిలో కిర్రుమన్న ప్రతి తలుపునూ, ఊగిన ప్రతి బల్లనూ ఆయనే బాగుచేశాడు. మొదట్లో జనం ఆ మాట విని కంగారుపడేవారు. తర్వాత తర్వాత దానికి అర్థం తెలుసుకున్నారు.

"లాభం లేదమ్మా. ఇది పొయ్యిలోకి కూడా పనికిరాదు."

"సరేగానీ, ఎప్పుడు రమ్మంటావ్?"

"సాయంత్రం అయిదింటికి."

అంతే. అయిదింటికి వెళితే బల్ల కొత్తదానిలా నిలబడి ఉండేది. భయపడాల్సింది ఆయన "చూద్దాం" అన్నప్పుడు. ఒకసారి బడి హెడ్‌మాస్టరమ్మ తన కుర్చీ తెచ్చింది. మామయ్య దాన్ని నాలుగు వైపులా తిప్పి, కింద వేలితో నొక్కి, మెత్తగా "చూద్దామండీ" అన్నాడు. ఆవిడ మొహం పాలిపోయింది. "అదేంటండీ అలా అంటారు? లాభం లేదనండి! ఒక్కసారి అనండి!" అని బతిమాలింది. మామయ్య తల దించుకున్నాడు. చెదపురుగులు లోపలంతా తినేసి, పైన పాలిష్ మాత్రం మిగిల్చాయి. ఆ కుర్చీ మర్నాటికి కట్టెలైపోయింది.

మా నాన్న పోయిన రోజు ఆసుపత్రి వరండాలో మేం ముగ్గురమే ఉన్నాం. అమ్మ, నేను, మామయ్య. డాక్టరు బయటికి వచ్చి, కళ్ళజోడు తీసి, "ఇక లాభం లేదండీ" అన్నాడు. మామయ్య ఆయన మీదికి వెళ్ళాడు.

"అనేసి వెళ్ళిపోతారేంటండీ?"

"మేం చెయ్యగలిగిందంతా చేశామండీ..."

"అది కాదు. ఆ మాట అన్నాక పని మొదలుపెట్టాలి! నేను నలభై ఏళ్ళుగా అదే చేస్తున్నాను. మీరు ఇంకా మొదలే పెట్టలేదు!"

డాక్టరు తీసిన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాడు. నాకు ఆ క్షణంలో నవ్వొచ్చింది. నాన్న లోపల పోతుంటే బయట నవ్వొచ్చినందుకు ఇప్పటికీ సిగ్గుపడుతుంటాను. అమ్మ మాత్రం తమ్ముడి చెయ్యి పట్టుకుని బెంచీ మీద కూర్చోబెట్టింది. ఏడుస్తున్నవాడు ఆయనే.

మూడు నెలలు తిరక్కుండానే అమ్మ స్నానాలగదిలో జారిపడి తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ చేసి లోపల రాడ్డు వేశారు. "నడిపించండి. నడిస్తేనే ఎముక, నడిస్తేనే మనిషి" అన్నాడు డాక్టరు. కొత్త వాకర్ కొన్నాం. అమ్మ దాన్ని ఒక్కసారి చూసి గోడవైపు తిరిగి పడుకుంది. అలా ఏడు వారాలు. వాకర్ మీద మా ఆవిడ తువ్వాళ్ళు ఆరేయడం మొదలుపెట్టింది. ఏదో ఒక పనికి వచ్చిందిలే అనుకున్నాం. పరీక్షకు వెళ్ళినప్పుడు డాక్టరు నన్ను పక్కకు పిలిచి చెప్పాడు. ఇంకో రెండు వారాల్లో ఆవిడ లేచి నిలబడకపోతే ఇక లేవదు. మంచం పుళ్ళు మొదలవుతాయి, ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరుతుంది. ఆ తర్వాత ఏమవుతుందో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు.

"అమ్మా, లే."

"ఊఁ."

"కనీసం కూర్చో."

"ఊఁ."

మా ఇంట్లో రోజంతా జరిగే సంభాషణ ఇదే. మా ఆవిడ గంజి తాగిస్తే రెండు చెంచాలు మింగి మూడోదానికి మొహం తిప్పుకునేది. ఒకప్పుడు ఇదే మనిషి, నేను మేకు వంకరగా కొడితే వంటింట్లోంచి శబ్దాన్ని బట్టి కనిపెట్టి తిట్టేది. వడ్రంగి కూతురు. తాతయ్య కొడుక్కి పని నేర్పుతుంటే పక్కన కూర్చుని, తమ్ముడి కంటే ముందే నేర్చేసుకుందట.

మామయ్య మాత్రం రాలేదు. ఆసుపత్రి నుంచి తెచ్చిన రోజు గుమ్మం దాకా వచ్చాడు, గోడవైపు తిరిగి ఉన్న అక్కను చూశాడు, వెనక్కి వెళ్ళిపోయాడు. ఏమీ అనలేదు. ఆ రెండు మాటలు కూడా అనలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. సొంత అక్క మంచాన పడితే గడప తొక్కని తమ్ముడు ఏం తమ్ముడని మా ఆవిడ దగ్గర అరిచాను.

చివరికి ఆయన్ను రప్పించింది కోళ్ళు.

పెరట్లో అమ్మకు ఆరు కోళ్ళుండేవి. వాటి గూటి పక్కన బయటికి పొడుచుకువచ్చినట్టు ఒక గుడ్ల పెట్టె. కోళ్ళు లోపలి నుంచి వచ్చి అందులో గుడ్లు పెడతాయి, మనం బయట మూత ఎత్తి తీసుకుంటాం. నాన్న జీవితంలో తన చేతులతో చేసిన వస్తువు అదొక్కటే. గుమాస్తా ఉద్యోగం చేసి రిటైరైన మనిషి, నెల రోజులు కష్టపడి, బొటనవేలు రెండుసార్లు చితక్కొట్టుకుని చేశాడు. అమ్మ పక్కన కూర్చుని చెబుతుంటే ఆయన చేసేవాడు. మూతకు మాత్రం అమ్మ మాట వినకుండా ఒకే వెడల్పాటి పలక వేశాడు. రంగు వేసే భాగ్యం నాకు దక్కింది.

ఈ వానలకు ఆ మూత దోనెలా వంగిపోయింది. మధ్యలో లోతు, అంచులు పైకి. వాన పడితే దాని మీద నీళ్ళు నిలుస్తున్నాయి. ముందు అంచు పెట్టెను వదిలేసి నాలుగు వేళ్ళ సందు చూపిస్తోంది. ఆ సందులోంచి పట్టపగలు ఒక ముంగిస రావడం మొదలుపెట్టింది. మొదట గుడ్లు పోయాయి. తర్వాత ఒక కోడి పోయింది. తర్వాత ఇంకొకటి. అమ్మ గది కిటికీ పెరట్లోకే ఉంది. కోడి అరిచినప్పుడల్లా దుప్పటి తల మీదికి లాక్కునేది.

"నాన్న చేసిన పెట్టెలోనే కోళ్ళు చస్తున్నాయి మామయ్యా" అన్నాను ఆయన ఇంటికి వెళ్ళి. ఆయన వెంటనే సంచి భుజాన వేసుకుని వచ్చాడు. ఇంట్లోకి రాలేదు. పక్కసందులోంచి నేరుగా పెరట్లోకి వెళ్ళాడు. మూత ఎత్తి, దించి, వేలితో తట్టి, కిటికీ వైపు తిరిగి, వీధి చివరికి వినపడేలా అరిచాడు.

"లాభం లేదు! ఇది మూత కాదు, అప్పడం! ఏ తెలివైనవాడు చేశాడో!"

"మామయ్యా, మెల్లగా! నాన్న చేశాడు కదా!"

"అదే అంటున్నా! ఒక్క పలక, కింద అడ్డపట్టీ లేదు! పైన మాత్రం రంగు, అడుగున లేదు. కింద కోళ్ళ చెమ్మంతా తాగి ఉబ్బింది, వంగకేం చేస్తుంది? ఎవడ్రా రంగు వేసింది?"

"నేనే."

మామయ్య నన్ను కింది నుంచి పైదాకా చూశాడు. "లాభం లేదు" అన్నాడు. అది మూత గురించి కాదని నాకు తెలుసు.

లోపలి నుంచి మా ఆవిడ పరుగున వచ్చింది. "ఏవండీ, అత్తయ్య మాట్లాడారు!"

"ఏమంది?"

"‘వాడి మొహం’ అన్నారు."

ఏడు వారాల్లో "ఊఁ" కాకుండా అమ్మ అన్న మొదటి మాట అది. మేమిద్దరం పండగ చేసుకున్నంత పని చేశాం. మామయ్య విననట్టే బందుల మరలు విప్పుతున్నాడు.

మూత ఊడదీశాక పెట్టె మీద ఒక రేకు కప్పి రాయి పెట్టాడు. మర్నాడు మూత మీద రంగంతా గీకేశాడు. ఒక గోనెసంచిని తడిపి ఎండలో పరిచి, పలకను దాని మీద పెట్టాడు. లోతు పైకి, పొట్ట కిందికి. నాకు పని తెలియదు కాబట్టి అదే పద్ధతి కాబోలు అనుకున్నాను. సాయంత్రం కొలిచి చూశాను.

"మామయ్యా, అయిదు వేళ్ళు పడుతున్నాయి. నిన్న నాలుగే."

"నీ వేళ్ళు సన్నబడ్డాయి."

మూడో రోజు అయిదున్నర. అంటే పలక ఇంకా వంగుతోంది. ఈయనకు కూడా అయిపోయిందా? నలభై ఏళ్ళ చెయ్యి ఇలా తప్పుతోందంటే బుర్ర మందగించినట్టే కదా. నాన్న పోయాడు, అమ్మ పోతోంది, మామయ్యకు మతి పోయింది. ఆఫీసుకు సెలవు పెట్టి పెరట్లో కూర్చుని నేను చేసిన లెక్క అది.

ఆయన మాత్రం కిటికీకి వినపడేలా అరుస్తూనే ఉన్నాడు. "బావ చేసిన పని ఇంతే! గుమాస్తా చేతికి రంపం ఇస్తే ఏమవుతుంది? ఇది తీసి పారేసి ప్లాస్టిక్ తొట్టి పెట్టుకోండి!"

లోపలి నుంచి అమ్మ గొంతు కొంచెం గట్టిగా వినిపించింది. "నోరు ముయ్యరా."

"ఏంటక్కా? వినపడలేదు!"

మామయ్య ఒక నిమిషం అలాగే చెవి పెట్టి నిలబడ్డాడు. ఆ నిలబడ్డ తీరు చూసి నాకెందుకో జాలేసింది.

నాలుగో రోజు మధ్యాహ్నం ముంగిస రేకును పక్కకు నెట్టి తెల్లకోడిని పట్టుకుంది. మేం వెళ్ళేసరికి ఈకలు మిగిలాయి. మామయ్య ఆ ఈకలు ఏరుతూ చాలాసేపు కూర్చున్నాడు. "నా వల్లేరా ఇది" అన్నాడు మెల్లగా. ఆ ఒక్క మాటా కిటికీకి వినపడేలా అనలేదు.

తర్వాత లేచి, మొహం తుడుచుకుని, ప్రహరీ గోడ మీంచి పక్కవీధి చికెన్ కొట్టాయన్ను కేకేశాడు. "ఏవయ్యా! మూడు కోళ్ళున్నాయి, పట్టుకెళ్తావా? ఆ ఎర్రది బాగా బలిసింది చూడు!"

కొట్టాయన అమాయకుడు. నిజంగానే గోడ ఎక్కి చూశాడు. "ఎర్రదైతే రెండు కిలోలు తూగుద్దండీ."

"ఒరేయ్!"

మేం ముగ్గురం ఉలిక్కిపడ్డాం. కొట్టాయన గోడ అవతలికి పడ్డాడు. కిటికీ ఊచల వెనక అమ్మ మొహం కనిపిస్తోంది. అంటే కూర్చుంది. ఎవరూ పట్టుకోకుండా, దిండు ఆసరా లేకుండా, తనంతట తను లేచి కూర్చుంది. జుట్టు చిందరవందరగా ఉంది, దవడలు లోపలికి పోయి ఉన్నాయి, కళ్ళు మాత్రం నిప్పుకణికల్లా ఉన్నాయి.

"ఆ ఎర్రదాని మీద చెయ్యేశావో, నీ వేళ్ళు విరిచేస్తాను!"

"వేసే పని లేదక్కా, ముంగిసే తినేస్తుంది. ఈ మూత బాగుపడదు. నాలుగు రోజుల నుంచి చూస్తున్నాగా. లాభం లేదు."

"లోతు కిందికి పెట్టాలిరా! లోతును తడపాలి, పొట్టను ఎండబెట్టాలి! మన నాన్న చెప్పలేదా నీకు?"

"ఏమో, గుర్తు లేదు. ఇప్పుడు ఆ టైం కూడా లేదు. మధ్యలోకి కోసి రెండు ముక్కలు చేసేస్తా." మామయ్య పలకను బల్ల మీద పెట్టి, రంపం తీసి, నాన్న చేసిన మూత నడిమధ్యన ఆనించాడు. కిటికీకి వీపు పెట్టాడు.

లోపల ఏదో పడిన చప్పుడైంది. వాకర్ మీది తువ్వాళ్ళు, క్లిప్పులతో సహా. నేను పరుగెత్తబోయాను. మా ఆవిడ గుమ్మంలో నిలబడి, నా చొక్కా పట్టుకుని ఆపేసింది. "ఆగండి. ఆగండి, వస్తున్నారు." వాకర్ రబ్బరు కాళ్ళు నేలకు తగిలే చప్పుడు వినిపించింది. ఒకటి. చాలాసేపు ఏమీ లేదు. రెండు. మళ్ళీ ఆగింది. మంచం నుంచి పెరటి గుమ్మానికి పన్నెండడుగులు. ఆ పన్నెండు అడుగుల కోసం ఎదురుచూసినంత భయంగా నేను ఏ పరీక్ష ఫలితం కోసమూ ఎదురుచూడలేదు. ఎక్కడ పడుతుందో, ఎక్కడ ఆ రాడ్డు కదులుతుందో! మామయ్య వెనక్కి తిరగలేదు. రంపం పలక మీద ఆనించే ఉంది. ఒక్క గీత కూడా పడలేదు.

అమ్మ ఆయన వెనక్కి వచ్చింది. ఒక చేత్తో వాకర్, రెండో చేత్తో అరవై నాలుగేళ్ళ తమ్ముడి చెవి.

"అమ్మా! అక్కా, అబ్బా!"

"దించు రంపం."

దించాడు. అమ్మ చెవి వదిలి పలకను ఒక్క చేత్తో తిప్పబోయింది. కాలు తడబడింది. మామయ్య వెనక్కి తిరగకుండానే చెయ్యి చాపి నడుం దగ్గర పట్టుకున్నాడు. ఆ చెయ్యి అప్పటికే అక్కడ సిద్ధంగా ఉన్నట్టు నాకు అనిపించింది. బోర్లించిన బకెట్ మీద కూర్చోబెట్టాం. అమ్మ పలక మీద అరచెయ్యి ఆనించి, నాన్న పోయాక మొదటిసారి, గట్టిగా ఏడ్చింది. "ఆయన చేసిందిరా ఇది. కోసి పారేస్తావురా?" అంది. మామయ్య రంపం తీసి సంచిలో పెట్టేశాడు. గోనెసంచి తడిపి తెచ్చాడు. అమ్మ చెప్పినట్టు లోతును కిందికి పెట్టాడు.

"కొంచెం ఎడమకి."

"ఇలాగా?"

"ఎడమంటే కుడివైపా నీకు? లాభం లేదు నీతో."

ఆ మాట తన నోటి నుంచి వచ్చిందని అమ్మ గమనించలేదు. మామయ్య గమనించి మొహం పక్కకు తిప్పుకున్నాడు.

ఆ తర్వాత అయిదు రోజులు అమ్మ ఆ బకెట్ మీదే డ్యూటీ చేసింది. సంచి ఆరితే తడిపించింది, ఎండ జరిగితే పలకను జరిపించింది, ముంగిస తోక కనిపిస్తే వాకర్ ఎత్తి బెదిరించింది. రోజుకు నాలుగుసార్లు మంచానికీ పెరటికీ నడిచింది. పలక ఒక్కొక్క వేలు చొప్పున దిగి చదునైంది. మామయ్య అడుగున రెండు అడ్డపట్టీలు వేసి మరలు బిగించాడు. నేను రెండు వైపులా రంగు వేశాను. మూత బిగించి దించితే సందులో గోరు కూడా దూరలేదు. పరీక్షకు వెళితే డాక్టరు ఎక్స్‌రే చూసి, అమ్మను చూసి, ఏ మందు వాడారని అడిగాడు.

రంగు బ్రష్షు కడుగుతున్నప్పుడు మామయ్యను అడిగాను. "లోతు కిందికి పెట్టాలని నీకు నిజంగా తెలీదా?"

"తెలీకేంరా. ఎనిమిదేళ్ళప్పుడు మా నాన్న చెంప పగలగొట్టి నేర్పాడు."

"మరి?"

ఆయన బ్రష్షును చాలాసేపు పిండాడు. "ఆసుపత్రి నుంచి తెచ్చిన రోజు చూశాను కదా అక్కని. ఆ మాట నోటి దాకా వచ్చింది, మింగేశాను. అన్నానంటే బాగుచెయ్యాలి. మనిషిని ఎలా బాగుచేస్తారో నాకేం తెలుసు? ఇంట్లోకి రావాలంటే కాళ్ళు రాలేదు." బ్రష్షు పక్కన పెట్టాడు. "ఎవరైనా వస్తువు తెస్తే నేను లాభం లేదంటాను. వాళ్ళు ఊరుకోరు. ‘కాదయ్యా, మా అమ్మ కూర్చున్న కుర్చీ’ అని పోట్లాడతారు. అలా పోట్లాడినవాళ్ళు ఆ వస్తువును మళ్ళీ ఎప్పుడూ బయట పారేయరు. నలభై ఏళ్ళుగా చూస్తున్నా. మీ అమ్మ కూడా దేనికోసమో ఒకదానికి పోట్లాడాలి కదరా." తర్వాత గొంతు తగ్గించాడు. "తెల్లకోడి పోతుందనుకోలేదు. అక్కకి చెప్పకు."

ఈ రహస్యాన్ని ఒక్కరోజు కూడా దాచలేకపోయాను. మర్నాడు పొద్దున గుడ్ల పెట్టె దగ్గర అమ్మకు చెప్పేశాను. అమ్మ ఆశ్చర్యపోలేదు. మూత ఎత్తి లోపలికి చూస్తూ, "నాకు తెలుసు" అంది.

"ఎప్పటి నుంచి?"

"రెండో రోజు నుంచి. మీరు చూడనప్పుడు ఇటు తిరిగి కిటికీలోంచి చూస్తున్నాగా. వాడు పలకను పెట్టేటప్పుడు చెయ్యి అలవాటు కొద్దీ లోతును కిందికే తిప్పేది. మళ్ళీ గుర్తొచ్చి పైకి తిప్పేవాడు. రోజూ అంతే. మంచి పని తెలిసినవాడు చెడ్డగా చెయ్యాలంటే ఎంత కష్టమో నీకు తెలీదు. మూడు రోజులు చూశాను. చూడలేకపోయాను."

"అంటే వాడి మీద జాలితో లేచావా?"

"మామయ్యను పట్టుకుని వాడంటావేంట్రా?" అని కసిరింది. "నాకు తెలుసని వాడికి చెప్పకు. నన్ను లేపింది తనే అని పొంగిపోతున్నాడు, పోనీ."

"మరి నిన్ను లేపిందెవరు?"

"వాడే."

పెట్టెలో రెండు గుడ్లున్నాయి, ఇంకా వెచ్చగా. అమ్మ ఒక్కో చేతిలో ఒక్కోటి తీసుకుంది. "పగులుతాయిరా, నువ్వు పట్టుకోకు" అని, వాకర్‌ను నన్ను తెమ్మని చెప్పి, ఇంట్లోకి నడిచింది.